ఊపిరిని సాగనివ్వాలా, ఆపాలా? శ్వాసమార్గ లోపాలతో పుట్టిన శిశువుల మత్తు వైద్యం: ఒక సమీక్ష

శ్వాసమార్గంలో లోపంతో పుట్టిన శిశువుకు శస్త్రచికిత్స అవసరమైనప్పుడు మత్తు వైద్యుని ముందు రెండు దారులు ఉంటాయి. శిశువు స్వయంగా తీసుకుంటున్న శ్వాసను చెదరగొట్టకుండా, తగుమాత్రపు మత్తులో ఉంచి, శ్వాసనాళంలోకి గొట్టం పంపడం (దీనినే ఇంట్యుబేషన్ అంటారు) ఒకటి. కండరాలను సడలించే మందుతో ఆ శ్వాసను పూర్తిగా ఆపివేసి, గొట్టం పడేవరకూ మాస్కు ద్వారా, ఆ తరువాత గొట్టం ద్వారా గాలి అందించే భారాన్ని వైద్యుడే తీసుకోవడం రెండవది. గొట్టం వేయడం విఫలమైనా శిశువు ఊపిరి శిశువుకు మిగిలే ఉంటుందన్నది మొదటి పక్షం వాదం కాగా, కదలని గొంతులో గొట్టం త్వరగా, దెబ్బ తగలకుండా పడుతుందన్నది రెండవ పక్షం వాదం. గత పాతికేళ్లలో కొత్త పరికరాలు, అనేక ఆసుపత్రులు కలిసి జరిపిన అధ్యయనాలు, గర్భంలో ఉండగానే లోపాన్ని గుర్తించే స్కానింగులు వచ్చి చేరడంతో ఈ చర్చ చిక్కుపడింది. ఒకప్పుడు పాఠ్యపుస్తకాలు ఒకే వాక్యంలో తేల్చివేసిన విషయాన్ని ఇప్పుడు లోపం ఏ స్థాయిలో ఉందన్న దానిని బట్టి విడివిడిగా చూడవలసి వస్తోంది.

వ్యవధి ఎందుకు తక్కువ

పెద్దవారి శరీరం కిలో బరువుకు నిమిషానికి 3 నుంచి 4 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటే, నవజాత శిశువు శరీరం 6 నుంచి 8 మిల్లీలీటర్లు వాడుకుంటుంది. ఖర్చు రెట్టింపు ఉండగా నిల్వ తక్కువ. శిశువు ఛాతీ గోడ మెత్తనిది కనుక, మత్తులో కండరాల బిగువు సడలగానే, ఊపిరి విడిచిన తరువాత ఊపిరితిత్తుల్లో మిగిలి ఉండవలసిన గాలి కూడా తగ్గిపోతుంది. ముందుగా ఆక్సిజన్ పీల్చిన ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి శ్వాస ఆగినా కొన్ని నిమిషాలు తట్టుకోగలడు గాని, పసికందుకు దక్కే వ్యవధి సెకన్లలో లెక్కించవలసినది. పైగా ఆక్సిజన్ తగ్గినప్పుడు శిశువు గుండె వేగం పుంజుకోవడానికి బదులు మందగిస్తుంది.

శరీర నిర్మాణం కూడా సహకరించదు. తల వెనుక భాగం పెద్దది, నోటితో పోలిస్తే నాలుక పెద్దది, స్వరపేటిక మెడలో పైకి ఉంటుంది, తొలి నెలల్లో శిశువు ప్రధానంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. గాలి నిలకడగా ప్రవహించేటప్పుడు గొట్టం వ్యాసార్ధం తగ్గేకొద్దీ ఎదురయ్యే నిరోధం దాని నాలుగవ ఘాతానికి విలోమంగా పెరుగుతుంది కనుక, 4 మిల్లీమీటర్ల వ్యాసమున్న మార్గంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే వైశాల్యం 75 శాతం తగ్గి, నిరోధం 16 రెట్లవుతుంది. గొట్టం వేయడానికి చేసే ప్రతి విఫల ప్రయత్నమూ ఆ వాపుకు కారణం కాగలదు. ప్రయత్నాల సంఖ్య ఈ రంగంలో ఇంత ప్రాధాన్యం సంతరించుకోవడానికి మూలం ఇదే.

వాదం పుట్టిన తీరు

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఫిలిప్ ఏర్ 1937లో ప్రకటించిన టి-ఆకారపు గొట్టం పిల్లల మత్తు వైద్యంలో ఒక మలుపు. గ్రహణం మొర్రి, అంగిలి చీలిక ఉన్న పసిపిల్లలు కవాటాలున్న పెద్దల యంత్రాల ద్వారా శ్వాసించలేక అలసిపోయేవారు. కవాటాలే లేని ఏర్ గొట్టం ఆ శ్రమను తొలగించింది. స్వయంగా సాగే శ్వాసను కాపాడాలన్న సంప్రదాయానికి అది పనిముట్టుగా నిలిచింది. 1950లో లివర్‌పూల్‌కు చెందిన జాక్సన్ రీస్ అదే గొట్టం చివర తెరచిన సంచిని అమర్చి, కండరాల సడలింపు మందుతో శ్వాసను ఆపి, ఆ సంచిని చేత్తో నొక్కుతూ నవజాత శిశువులకు మత్తు నడిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఒకే పనిముట్టుకు జరిగిన చిన్న మార్పుతో రెండు సంప్రదాయాలు పక్కపక్కనే నిలవడం ఈ చరిత్రలో గమనించదగ్గ విశేషం.

ఆ కాలంలో చాలాచోట్ల మూడవ మార్గం కూడా వాడుకలో ఉండేది: మత్తే ఇవ్వకుండా, మెలకువగా ఉన్న శిశువుకు గొట్టం వేయడం. నవజాత శిశువుకు నొప్పి తెలియదన్న నమ్మకం దానికి ఊతమిచ్చింది. 1987లో ఆనంద్, ఆయన సహచరులు నెలలు నిండని శిశువుల్లో బలమైన నొప్పి నివారణ మందు శస్త్రచికిత్స ఒత్తిడిని తగ్గిస్తుందని చూపిన తరువాత ఆ నమ్మకం సడలింది. అత్యవసరం కాని ఇంట్యుబేషన్‌కు ముందు నొప్పి, ఆందోళన తగ్గించే మందులు ఇవ్వాలని అమెరికా శిశువైద్యుల సంఘం 2010లో సూచించింది. మెలకువలో గొట్టం వేయడాన్ని సమర్థించేవారు నేడు తక్కువ. అయినా శ్వాసమార్గం పూర్తిగా మూసుకుపోయే ప్రమాదమున్న అరుదైన సందర్భాల్లో, స్థానికంగా మొద్దుబార్చే మందుతో, ఆ పద్ధతి ఇంకా మిగిలే ఉంది.

లోపం ఎక్కడ ఉంటే వాదం అక్కడ మారుతుంది

ముక్కు వెనుక ద్వారాలు మూసుకుపోవడం, అంటే కోఅనల్ అట్రీషియా, తేలికైన ఉదాహరణ. రెండు వైపులా మూసుకున్నప్పుడు శిశువు నోరు మూయగానే నీలిబారి, ఏడ్చినప్పుడు తిరిగి రంగు తేలుతుంది. నోటిలో చిన్న గాలిమార్గం అమర్చితే అడ్డంకి దాదాపు తొలగిపోతుంది. మాస్కుతో గాలి అందించడం సాధారణంగా కష్టం కాదు. అందువల్ల ఈ లోపంలో, దానితో పాటు దవడ చిన్నదై ఉండడం వంటి ఇతర లోపాలు లేకపోతే, ఊపిరి ఆపకూడదన్న పట్టుదలకు బలమైన ఆధారం కనిపించదు.

పియర్ రాబిన్ లోపం అంత సులభంగా తేలదు. ఫ్రెంచి దంతవైద్య నిపుణుడు పియర్ రాబిన్ 1923లో నాలుక వెనక్కి జారి శ్వాసకు అడ్డుపడడాన్ని వర్ణించాడు. కింది దవడ చిన్నదవడం, నాలుక వెనక్కి పడడం, శ్వాసకు అడ్డంకి కలగడం అనే మూడు లక్షణాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చాలామందిలో అంగిలి చీలిక కూడా ఉంటుంది. బోర్లా పడుకోబెడితే నాలుక ముందుకు జారి శ్వాస తేలికవుతుంది. మత్తు ఈ ఏర్పాటునంతా తలకిందులు చేస్తుంది: శిశువును వెల్లకిలా తిప్పాలి, గొంతు కండరాల బిగువు పోతుంది, నాలుక మళ్లీ వెనక్కి పడుతుంది, గొంతులోకి చూసే సాధారణ పరికరమైన లారింగోస్కోపుతో చూస్తే స్వరపేటిక కనబడదు. శ్వాసను సాగనివ్వాలన్న పక్షానికి అసలైన బలం ఇక్కడే ఉంది. కొన్ని కేంద్రాల్లో గొంతు పైభాగాన్ని మొద్దుబార్చి, శిశువు మెలకువగా ఉండగానే లారింజియల్ మాస్కును, అంటే గొంతులో స్వరపేటిక ద్వారంపై కూర్చునే మాస్కును, అమర్చి, దాని ద్వారా మత్తు ఇచ్చి, దానిలోంచే శ్వాసనాళం లోపల చూపే సన్నని ఫైబర్ ఆప్టిక్ బ్రాంకోస్కోపు సాయంతో గొట్టం పంపుతారు. ఆర్చీ బ్రెయిన్ 1983లో పరిచయం చేసిన లారింజియల్ మాస్కు పెద్దల కోసం పుట్టిన పరికరమే అయినా, రాబిన్ శిశువుకు అది తరచు ఊపిరి దారిని తెరిచే మొదటి సాధనం అవుతోంది. అది చక్కగా కూర్చున్న తరువాత సడలింపు మందు ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి రెండు పక్షాలూ ఇప్పటికీ ఒకే సమాధానం చెప్పడం లేదు.

రాబిన్ శిశువుకు చివరికి ఏ చికిత్స చేయాలన్నదీ మత్తు వైద్యుని పనిని నిర్ణయిస్తుంది. నాలుకను కింది పెదవికి కుట్టడం, ముక్కు ద్వారా గొంతు వరకు మెత్తని గొట్టం ఉంచడం, జర్మనీలోని ట్యూబింగెన్‌లో రూపొందిన అంగిలి పలక వాడడం, మెడ ముందు రంధ్రం చేయడం, దవడ ఎముకను కోసి రోజూ కొద్దికొద్దిగా సాగదీయడం: ఇవన్నీ వేర్వేరు కేంద్రాల్లో మొదటి ఎంపికలుగా ఉన్నాయి. దవడను సాగదీసిన పిల్లల్లో తదుపరి మత్తు సులభమవుతుందన్న అనుభవం బలంగా ఉంది. అయితే శస్త్రచికిత్స లేకుండానే దవడ ఎంతవరకు పెరిగి ఉండేదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు.

స్వరపేటిక వద్ద ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. శిశువులు ఊపిరి పీల్చినప్పుడు వచ్చే కీచు శబ్దానికి అతి సాధారణ కారణం స్వరపేటిక మెత్తదనం, అంటే లారింగోమలేసియా. పీల్చే ప్రతిసారీ పైనున్న మృదు కణజాలం లోపలికి ఒరిగిపోతుంది. స్వరతంత్రుల పక్షవాతమూ కదలికను చూసి నిర్ధారించవలసినదే. ఊపిరి ఆపితే చూడవలసిన దృశ్యమే మాయమవుతుంది కాబట్టి, ఇక్కడ శ్వాసను సాగనివ్వడం భద్రతకు సంబంధించిన వాదం కన్నా ముందు రోగనిర్ధారణకు తప్పనిసరి షరతు. కాని స్వరతంత్రుల కింద స్థిరమైన ఇరుకు ఉన్నప్పుడు ఆ తర్కం వర్తించదు. మయర్, కాటన్ 1994లో ప్రకటించిన కొలమానం ఆ ఇరుకును నాలుగు తరగతులుగా విభజించింది: 50 శాతం వరకు మొదటిది, 51 నుంచి 70 వరకు రెండవది, 71 నుంచి 99 వరకు మూడవది, దారే లేనిది నాలుగవది. మూడవ తరగతిలో మత్తు వైద్యుడు, శస్త్రవైద్యుడు ఒకే సన్నని దారిని పంచుకోవాలి. ముందస్తు ఒప్పందం లేకుండా మొదలుపెట్టడం మందుల ఎంపికలో పొరపాటు కన్నా పెద్ద ప్రమాదం.

ఆహారనాళం, శ్వాసనాళం కలిసిపోయినప్పుడు

ఈ చర్చలో అన్నిటికన్నా ఎక్కువ రాతకు నోచుకున్నది ఆహారనాళం మధ్యలో తెగి, దాని కింది భాగం శ్వాసనాళంతో కలిసి ఉండే లోపం. 2,500 నుంచి 4,500 జననాలకు ఒకటి చొప్పున కనబడే ఈ లోపంలో, దాదాపు 85 శాతం మందిలో పై భాగం మూసుకున్న సంచిలా ఉండి, కింది భాగం ఫిస్టులా, అంటే అసహజ మార్గం, ద్వారా శ్వాసనాళంలోకి తెరచుకుంటుంది. అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో కామెరాన్ హెయిట్ 1941లో మొదటిసారిగా ఒకే శస్త్రచికిత్సలో ఈ లోపాన్ని విజయవంతంగా సరిదిద్దాడు.

మత్తు వైద్యుని భయం భౌతికశాస్త్రానికి సంబంధించినది. ఒత్తిడితో గాలి పంపితే అది నిరోధం తక్కువ ఉన్న వైపు పోతుంది. నెలలు నిండని శిశువు ఊపిరితిత్తులు బిగుసుకుని ఉండి, ఫిస్టులా పెద్దదై, శ్వాసనాళం రెండుగా చీలే చోటుకు దగ్గరగా ఉంటే, గాలి పొట్టలోకి దారి తీస్తుంది. పొట్ట ఉబ్బి విభాజక పటలాన్ని పైకి నెడుతుంది. ఊపిరితిత్తులు మరింత బిగుస్తాయి. కనుక ఫిస్టులాను కట్టివేసేవరకూ శిశువు స్వయంగా శ్వాసించాలని ఒక పక్షం చెబుతుంది, ఎందుకంటే పీల్చుకునే శ్వాసలో ఛాతీ లోపలి ఒత్తిడి తగ్గి గాలి ఊపిరితిత్తుల వైపే పోతుంది. రెండవ పక్షం ఇందుకు బదులుగా గొట్టాన్ని కావాలనే కుడి ఊపిరితిత్తి నాళంలోకి పంపి, ఎడమ వైపు శ్వాస వినబడేవరకూ నెమ్మదిగా వెనక్కి లాగి, దాని కొన ఫిస్టులాను దాటి ఉండేలా చూసుకుని, తక్కువ ఒత్తిడితో గాలి అందించవచ్చునంటుంది. సన్నని బెలూన్ గొట్టంతో ఫిస్టులాను తాత్కాలికంగా మూయడం మూడవ మార్గం. నైపుణ్యం ఉన్నచోట అది చక్కని పరిష్కారం, లేనిచోట సమయం తినే ప్రయోగం.

మొదటి పక్షం తక్కువగా చెప్పే సంగతి ఒకటుంది. ఛాతీ తెరచి, ఒక ఊపిరితిత్తిని పక్కకు నొక్కి ఉంచినప్పుడు, రెండున్నర కిలోల శిశువు లోతైన మత్తులో స్వయంగా చాలినంత శ్వాసించలేదు. ఆచరణలో ఆ పద్ధతి వాడేవారు కూడా సంచిని సున్నితంగా నొక్కి శ్వాసకు సాయం చేస్తూనే ఉంటారు. అంటే ఈ లోపంలో రెండు పక్షాల మధ్య ఉన్నది ఒత్తిడి ఎంత అన్న తేడా మాత్రమే. గ్రంథాల్లో కనిపించేంత సిద్ధాంత విభేదం ఆపరేషన్ థియేటర్‌లో లేదు. శస్త్రచికిత్సకు ముందు దృఢమైన బ్రాంకోస్కోపుతో ఫిస్టులా స్థానాన్ని, సంఖ్యను చూడాలా అన్నది దీనికన్నా ఫలితమిచ్చే చర్చ. అలా చూసిన కేంద్రాల్లో గొట్టం ఎక్కడ ఉంచాలో ఊహించవలసిన పని ఉండదు.

ఛాతీని పెద్దగా కోయకుండా కెమెరాతో చేసే శస్త్రచికిత్స మరో చిక్కు తెచ్చింది. అందుకోసం ఛాతీలోకి పంపే కార్బన్ డయాక్సైడ్ రక్తంలో చేరుతుంది. లండన్‌లో జరిగి 2013లో ప్రచురితమైన చిన్న యాదృచ్ఛిక అధ్యయనంలో, ఈ పద్ధతిలో శస్త్రచికిత్స జరిగిన, విభాజక పటలంలో రంధ్రమున్న శిశువుల్లో రక్తపు ఆమ్లత్వం తీవ్రంగా, ఎక్కువసేపు పెరిగింది. ఆహారనాళ లోపమున్న శిశువుల్లో అలా కనబడలేదు. అధ్యయనంలో ఉన్నది మొత్తం 20 మంది శిశువులే కాబట్టి దానిని తీర్పుగా తీసుకోలేము.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2016 నుంచి 2017 వరకు ఐరోపాలోని 31 దేశాల్లో జరిగిన నెక్టరీన్ అధ్యయనంలో, నవజాత శిశువులు, చిన్న శిశువులకు ప్రణాళిక ప్రకారం జరిగిన 4,683 ఇంట్యుబేషన్లలో 5.8 శాతం కష్టమైనవిగా తేలాయి. అలాంటి సందర్భాల్లో 40 శాతంలో ఆక్సిజన్ గణనీయంగా పడిపోయింది. పెద్దల కన్నా శిశువుల్లో కష్టం అరుదన్న పాత ధీమాకు ఈ సంఖ్యలు చోటివ్వవు. అమెరికాలోని పిల్లల ఆసుపత్రుల కష్టతర ఇంట్యుబేషన్ రిజిస్ట్రీ 2016లో 1,018 సందర్భాలను విశ్లేషించి, సుమారు ఐదవ వంతులో ఏదో ఒక ఇబ్బంది తలెత్తిందని, రెండుకు మించిన ప్రయత్నాలు, తక్కువ బరువు, సాధారణ లారింగోస్కోపునే పట్టుకు వేలాడడం ప్రమాదంతో ముడిపడి ఉన్నాయని చూపింది.

అదే రిజిస్ట్రీ సమాచారంతో 2020లో వెలువడిన పోలిక మన మూల ప్రశ్నకు నేరుగా సంబంధించినది. సడలింపు మందు ఇచ్చినా ఇవ్వకపోయినా, వైద్యుడు శ్వాసను నియంత్రించిన పిల్లలతో పోల్చితే, స్వయంగా శ్వాసిస్తున్న పిల్లల్లో స్వల్ప ఇబ్బందులు ఎక్కువగా కనబడ్డాయి. తీవ్రమైన ఇబ్బందుల్లో స్పష్టమైన తేడా లేదు. సంప్రదాయ పక్షానికి ఇది గట్టి దెబ్బేగాని, పూర్తి ఓటమి కాదు. అందులో ఉన్నవారు అన్ని వయసుల పిల్లలు. ఎవరికి ఏ పద్ధతి అన్నది ఆయా వైద్యులే ఎంచుకున్నది. గణితంతో సరిచేసినా, అత్యంత ప్రమాదకరంగా కనిపించిన శిశువుకే శ్వాసను మిగిల్చి ఉంటారన్న అనుమానం పూర్తిగా తొలగదు. తేలికపాటి మత్తులో స్వరతంత్రులు బిగుసుకుపోవడమే ఆ ఇబ్బందులకు మూలమన్న వివరణ మాత్రం సమంజసంగా ఉంది.

పరికరాల వాదం దీనికన్నా త్వరగా తేలుతోంది. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సాధారణ శ్వాసమార్గమున్న శిశువుల్లో మొదటి ప్రయత్నంలోనే గొట్టం పడిన వారు కెమెరా అమర్చిన వీడియో లారింగోస్కోపుతో 93 శాతం, సాధారణ లారింగోస్కోపుతో 88 శాతం. 2024లో డబ్లిన్ నుంచి వచ్చిన నవజాత శిశువుల అధ్యయనంలో ఆ తేడా 74, 45 శాతాలకు విస్తరించింది. ప్రయత్నం సాగుతున్నంతసేపూ ముక్కు ద్వారా ఆక్సిజన్ ప్రవహించేలా చూడడం కూడా ఆస్ట్రేలియాలో జరిగిన 2022 నాటి అధ్యయనంలో స్పష్టమైన ప్రయోజనం చూపింది. ఈ రెండూ 2024లో ఐరోపా మత్తు వైద్యుల సంస్థ సహకారంతో వచ్చిన మార్గదర్శకాల్లో చేరాయి. ప్రయత్నాలకు పరిమితి విధించడం, గొట్టం సరిగా పడిందని విడిచే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నిర్ధారించడం కూడా వాటిలో ఉన్నాయి. స్వయంగా శ్వాసించడం అవసరం కానప్పుడు సడలింపు మందు వాడడాన్ని అవి సమర్థించాయి. "అవసరం కానప్పుడు" అన్న షరతులోనే పాత వాదమంతా మళ్లీ ఇమిడి ఉందని గ్రహించాలి.

గొట్టానికి గాలిబుడగ, అంటే కఫ్, ఉండాలా అన్న వివాదం ఒక చిత్రమైన పునాది మీద నిలిచింది. శిశువు శ్వాసమార్గంలో అతి ఇరుకైన చోటు స్వరపేటిక కింది వలయాకార మృదులాస్థి అన్న ఎకెన్‌హాఫ్ 1951 నాటి వ్యాసం, 1897లో మృతదేహాల నుంచి తీసిన అచ్చులపై ఆధారపడింది. 2003లో బతికున్న పిల్లల ఎం.ఆర్.ఐ. చిత్రాలు ఆ భావనను ప్రశ్నించాయి. 2009లో పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల వరకు ఉన్న 2,246 మంది పిల్లలను పోల్చిన అధ్యయనంలో, గొట్టం తీశాక కీచు శబ్దం కఫ్ ఉన్నవారిలో 4.4, లేనివారిలో 4.7 శాతంగా తేలింది. గొట్టం మార్చవలసిన అవసరం మాత్రం వరుసగా 2.1, 30.8 శాతం. మూడు కిలోల లోపు శిశువులకు ఈ ఫలితాలను వర్తింపజేయడం ఇంకా తొందరపాటే.

పుట్టకముందే మొదలయ్యే చికిత్స

స్వరపేటిక లేదా శ్వాసనాళం పూర్తిగా మూసుకుపోయిన శిశువును గర్భంలోనే గుర్తించినప్పుడు ఎగ్జిట్ అనే పద్ధతి ఉంది. సిజేరియన్‌లో శిశువు తల, భుజాలు బయటకు తీసి, మాయ ద్వారా తల్లి రక్తప్రసరణ సాగుతుండగానే గొట్టం వేయడమో, మెడకు రంధ్రం చేయడమో జరుగుతుంది. ఇందుకు గర్భసంచి సడలి ఉండాలి, తల్లి రక్తపోటు పడిపోకూడదు, బిడ్డ బయటపడగానే గర్భసంచి తిరిగి బిగియాలి. లోతైన మత్తుతో మొదటిది సాధిస్తే మిగిలిన రెండూ కష్టమవుతాయి. తల్లికి రక్తస్రావం ముప్పు ఉన్న ఈ పద్ధతిని ఎంత తీవ్రమైన లోపానికి పరిమితం చేయాలన్నది తేలని విషయం.

మత్తు మందులు ఎదిగే మెదడుకు హాని చేస్తాయన్న ఆందోళన గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. 2019లో వచ్చిన గ్యాస్ అధ్యయనం ఒక గంట లోపు మత్తు ఐదేళ్ల వయసులో తెలివితేటలపై తేడా చూపలేదని తేల్చింది. అయితే శ్వాసమార్గ లోపమున్న శిశువులకు తరచు పదేపదే, గంటల తరబడి మత్తు అవసరమవుతుంది కనుక, ఆ భరోసా వీరికి నేరుగా వర్తించదు. అలాగని ఊపిరాడని శిశువు శస్త్రచికిత్సను వాయిదా వేయడం ఎవరూ సూచించరు.

తేలినవి, తేలనివి

చర్చ మొత్తాన్ని చూస్తే, ముక్కు లోపంలో శ్వాసను ఆపడం సాధారణంగా సురక్షితం. కదలికను చూడవలసిన స్వరపేటిక లోపాల్లో సాగనివ్వడం తప్పనిసరి. రాబిన్ లోపంలో లారింజియల్ మాస్కు సరిగా కూర్చునేవరకైనా సాగనివ్వడం వివేకం. ఆహారనాళ లోపంలో గొట్టం ఎక్కడ ఉందన్నది శ్వాస ఎవరిదన్న దానికన్నా ముఖ్యం. నవజాత శిశువులను మాత్రమే తీసుకుని, లోపాల వారీగా ఈ రెండు పద్ధతులను పోల్చిన పెద్ద యాదృచ్ఛిక అధ్యయనం లేదు. ఒక్కో లోపం ఎంత అరుదో చూస్తే ఒకే దేశంలో అది సాధ్యమయ్యేదీ కాదు. గొట్టమూ మాస్కూ రెండూ విఫలమైనప్పుడు మెడ ముందు నుంచి దారి తెరవడం ఎలాగన్నది అన్నిటికన్నా బలహీనమైన అధ్యాయం, ఎందుకంటే సూది దిగవలసిన పొర నవజాత శిశువులో సుమారు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల కొలతకు మించదు.

భారతదేశంలో ఈ లోటుకు మరో ముఖం ఉంది. అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో పిల్లల కోసం వెలువరించిన మార్గదర్శకాలు 1 నుంచి 12 ఏళ్ల వారికి ఉద్దేశించినవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ గుర్తించవలసిన పుట్టుక లోపాల్లో అంగిలి చీలిక ఉంది గాని, మూసుకున్న ముక్కు ద్వారాలు, ఆహారనాళ లోపం విడిగా లేవు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి శస్త్రచికిత్స చేయగల కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లో ఉన్నందున, జిల్లాలో పుట్టిన శిశువుకు తొలి గంటల సంరక్షణ మత్తు వైద్యుని కన్నా ముందు ప్రసవ గది సిబ్బంది చేతుల్లో, అంబులెన్సులో జరుగుతుంది. రాబిన్ శిశువును బోర్లా పడుకోబెట్టడం, ముక్కు మూసుకున్న శిశువు నోటిలో గాలిమార్గం ఉంచడం, నోట నురగ వస్తున్న శిశువుకు పాలు పట్టకముందే సన్నని గొట్టం పొట్ట వరకు దిగుతుందో లేదో చూడడం, అది సుమారు పది సెంటీమీటర్ల వద్ద ఆగితే ఆహారనాళ లోపంగా భావించి, తల ఎత్తుగా ఉంచి, ఆహారనాళపు పై సంచిలోని స్రావాలను నిరంతరం పీల్చివేస్తూ తరలించడం: వీటిలో దేనికీ ఖరీదైన పరికరం అవసరం లేదు. నవజాత శిశువుల కోసం మన వైద్య సంఘాలు రాయవలసిన మార్గదర్శకాలు ఈ నాలుగు పనులతో మొదలుకావాలి.